రెండు పేర్లు, ఒకే మందు

పోయిన డిసెంబర్‌లో ఓ పొద్దున ఖమ్మం నుంచి అమ్మ ఫోన్. "మీ నాన్న మంచం మీంచి లేవబోయి కళ్లు తిరిగి కూలబడ్డార్రా." నిమోనియా తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి అప్పటికి నాలుగు రోజులే.

బస్సెక్కి వెళ్లి మందుల కవర్ మంచం మీద గుమ్మరించాను. ఎప్పటి నుంచో వాడుతున్న బీపీ మాత్ర ఒకటి, ఆసుపత్రిలో కొత్తగా రాసిచ్చింది ఒకటి. రంగు వేరు, కంపెనీ వేరు, పేరు వేరు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూస్తే రెండిట్లోనూ టెల్మిసార్టాన్ 40 మి.గ్రా.! నాన్న రెండూ వేసుకుంటున్నాడు. ఆయన తప్పేం లేదు. పాతది ఆపమని డిశ్చార్జ్ చీటీలో ఎక్కడా లేదు. నేనే ఒకటి తీసి పారేయకుండా, రెండు స్ట్రిప్పుల ఫొటోలు తీసి మా ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించాను. ఆయన బీపీ చూసి, తలపట్టుకుని, ఒకటి ఆపేయమన్నారు.

కోడ్ రాసి బతికేవాణ్ని. బగ్ ఎక్కడ పుట్టిందో తవ్వకపోతే నిద్రపట్టదు. ఫైల్ తిరగేస్తే, చేర్చుకున్న రోజు 'ఇంట్లో వాడే మందులు' అన్న చోట 'బీపీ మాత్ర' అని మాత్రమే ఉంది. ఏ మాత్రో ఎవరూ రాయలేదు. ఆ సమాధానం చెప్పింది కూడా నేనే.

మందులు రాయడంలో తప్పు అనగానే మనకు డాక్టర్ల చేతిరాత మీద జోకులే గుర్తొస్తాయి. కానీ చాలా తప్పులు శుభ్రంగా చదవగలిగే అక్షరాల్లోనే ఉంటాయి. మాకు జరిగింది ఒకే మందు రెండుసార్లు రాయడం. దీనికి తిరగేసింది, ఇంట్లో వాడే మందు ఆసుపత్రి చీటీలోకి ఎక్కకపోవడం. అది ఫిట్స్ మాత్ర అయితే, ఒక్కసారిగా ఆగినందుకే ఫిట్స్ రావచ్చు. ఇంకోటి ఎలర్జీ. 'పెన్సిలిన్ పడదు' అని ఫైల్ మీద ఎర్రగా రాసి ఉన్నా, ఆగ్‌మెంటిన్ అనే పేరులో పెన్సిలిన్ కనిపించదు కదా. లోపలున్న అమాక్సిసిలిన్ ఆ కుటుంబానిదే. ఇన్సులిన్ రాసేటప్పుడు 'యూనిట్లు' అని పూర్తిగా రాయకుండా ఇంగ్లిష్ 'యూ' ఒక్కటే పెడితే, అది సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అయిపోతుంది. అన్నిట్లోకీ నన్ను భయపెట్టింది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. పొరపాటున 'రోజూ' అని రాస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణమే పోవచ్చు.

ఇదంతా కంప్యూటర్‌లో పెడితే సరిపోతుందిగా అనుకున్నాను, ఇంజినీర్ బుద్ధి! అప్పుడే డాక్టర్ రాబర్ట్ వాక్టర్ రాసిన 'ది డిజిటల్ డాక్టర్' పుస్తకంలోని కథ తెలిసింది. 2013, శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్‌ఎఫ్ ఆసుపత్రి. పదహారేళ్ల కుర్రాడు, బరువు 38.6 కిలోలు. ఇవ్వాల్సింది సెప్ట్రా అనే యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి. డాక్టర్ 160 అని టైప్ చేసింది, మిల్లీగ్రాములు అనుకుని. స్క్రీన్ మాత్రం 'కిలో బరువుకి ఇన్ని మి.గ్రా.' అనే యూనిట్‌లో ఉంది. కంప్యూటర్ బుద్ధిగా గుణించి 38.5 మాత్రలని తేల్చింది. డాక్టర్‌కి హెచ్చరిక వచ్చింది, మూసేసింది. ఫార్మసిస్ట్‌కీ వచ్చింది, అక్కడా అంతే. రోబో ఏ సందేహం లేకుండా లెక్కపెట్టి ప్యాక్ చేసింది. నర్సుకి అనుమానమొచ్చింది గానీ, బార్‌కోడ్ స్కానర్ 'కరెక్టే' అంది. కుర్రాడు అన్నీ మింగేశాడు. కొన్ని గంటలకి మూర్ఛ వచ్చింది. బతికాడు, అదృష్టం.

అన్ని హెచ్చరికలు వస్తే ఎలా మూసేశారని నాకు కోపం రాలేదు. ఆఫీసులో మా సర్వర్ రోజంతా అరిచే అలర్ట్‌లని చదవకుండా స్వైప్ చేసే బాపతే నేనూ.

మందుని జెనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మన మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన మార్చింది. నాన్న చీటీలో ఉన్నవన్నీ బ్రాండ్ పేర్లే. టెల్మిసార్టాన్ అని ఉంటే, స్ట్రిప్ మీద పేరుతో పోల్చి అమ్మే పట్టేసేది. కిరాణా బిల్లులో రూపాయి తేడా వదలని మనిషి.

ఇప్పుడు నాన్న పర్సులో ఓ కాగితం ఉంటుంది. మందు అసలు పేరు, ఎంత డోసు, ఏ పూట, దేనికి, ఎప్పటి నుంచి. నా ఫోన్లోనూ ఓ కాపీ. "ఎందుకురా ఈ చాదస్తం" అని నాన్న విసుక్కున్నాడు. పోయిన నెల చెకప్‌కి వెళ్తే, ఓ జూనియర్ డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని వరసగా చదివి, ఆరో గడి దగ్గర ఆగింది. పాంటోప్రజోల్, గ్యాస్ మాత్ర. 'ఎప్పటి నుంచి' అన్న చోట ఖాళీ.

"ఇది ఇంకా ఎందుకు వేసుకుంటున్నారంకుల్?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు లేదు.