చట్రమునకు లంగరు ఎక్కడ?

సీసపు అక్షరములతో ముద్రించు కాలమున పుట యనునది చేతితో ఎత్తగల వస్తువు. కూర్చిన పంక్తులను, బొమ్మల దిమ్మెలను ఇనుప చట్రములో నిలిపి, సందులలో చెక్కలు దూర్చి బిగింపగా, ఆ చట్రమును పైకెత్తినను ఒక్క వత్తైనను జారెడిది కాదు. బొమ్మ తన చోటు విడిచి పోవుట యను ప్రశ్నయే అచ్చట లేదు.

కంప్యూటరులోని పుట అట్టిది కాదు. అది పారు నీటివంటిది. పైన ఒక పంక్తి చేర్చినచో క్రిందిదంతయు ఒక పంక్తి దిగును. ఒక మాట కొట్టివేసినచో అంతయు పైకి జరుగును. ఈ ప్రవాహములో బొమ్మనో, చిన్న వ్యాఖ్యనో, రెండవ వరుస వ్యాసమునో వేరుగా నిలుపుటకు ఏర్పడినదే ‘ఫ్రేమ్’, అనగా చట్రము. 1986లో అమెరికాలో స్థాపితమైన ఒక సంస్థ తన పేరునే ‘ఫ్రేమ్ టెక్నాలజీ’ అని పెట్టుకొని ‘ఫ్రేమ్‌మేకర్’ అను సాధనమును తయారు చేసినది. దానిని 1995లో అడోబీ సంస్థ కొనినది. నేడు మన పాఠశాలలలో ఉచితముగా వాడదగిన లిబ్రె ఆఫీసులోని ‘రైటర్’ యందు ‘ఇన్సర్ట్’ పట్టికలో ఈ చట్రము లభించును.

చట్రము నీటిలో వేసిన పడవ యనుకొనుడు. పడవ నిలుచుటయు, కొట్టుకొనిపోవుటయు లంగరును బట్టి యుండును. రైటర్ కూడ దీనిని ‘యాంకర్’ అనియే పిలుచుచున్నది. చట్రమును ఎన్నుకొనగనే చిన్న లంగరు గుర్తు తెరపై కనబడును. ఉపాధ్యాయులలో చాలమంది ఆ గుర్తును చూచియు చూడనట్లు విడిచిపెట్టుదురు. చిక్కులలో ముప్పాతిక అచ్చటనే పుట్టుచున్నవి.

జీవశాస్త్ర ప్రశ్నపత్రమును ఉదాహరణముగా తీసికొందము. నాలుగవ ప్రశ్న: ‘ఈ పటములోని భాగములను గుర్తింపుము’. ప్రక్కన గుండె పటము. ఐదవ ప్రశ్నకు మూత్రపిండము పటము. అంతయు సరిగా కుదిరిన పిమ్మట, మొదటి పుటలో సూచనలు రెండు పంక్తులు పెంచవలసి వచ్చినది. నాలుగవ ప్రశ్న రెండవ పుటకు జరిగినది. గుండె మాత్రము మొదటి పుటలోనే, రెండవ ప్రశ్న ప్రక్కన నిలిచిపోయినది. తొందరలో ఎవ్వరును చూడలేదు. పరీక్షా మందిరములో కూర్చున్న పిల్లవాడు ఏ పటమును చూచి ఏ భాగమును వ్రాయవలెను? వానికి అన్యాయము చేసినది ఒక లంగరు.

ఆ గుండెకు లంగరు ‘పుట’కు వేయబడినది. పుటకు కట్టిన చట్రము ఆ పుటలోనే యుండును. పాఠము ఎటు పారినను దానికి పట్టదు. పాఠశాల చిహ్నమునకు, పత్రిక శీర్షికకు ఇది తగును గాని ప్రశ్నకు తగదు. ‘పేరా’కు కట్టినచో ఆ పేరాతో పాటు చట్రమును పోవును. ‘అక్షరము’నకు కట్టుటయు దాదాపు ఇట్టిదే, కాని పట్టు ఇంకను దగ్గర. నాలుగవది ‘అక్షరమువలె’ కట్టుట. ఇందు చట్రము తానే ఒక పెద్ద అక్షరమై పంక్తిలో కూర్చుండును. ముందు మాట జరిగిన తానును జరుగును, వెనుకనుండి చెరిపినచో అక్షరమువలెనే చెరిగిపోవును. దీనిలో అందము తక్కువ, స్వేచ్ఛయు తక్కువ. అయినను ప్రశ్నపత్రమునకు ఇంతకన్న నమ్మకమైన పద్ధతి వేరొకటి లేదని నా అభిప్రాయము. ప్రశ్నపత్రము పెండ్లిపత్రిక కాదు గదా!

పేరాకు కట్టిన చట్రము దారి తప్పినచో, అది ఏ పేరాకు కట్టబడినదో మొదట చూడవలెను. లంగరు గుర్తును మౌసుతో పట్టి, సరియైన ప్రశ్నయొద్దకు లాగవచ్చును. ఈ పత్రమునే మైక్రోసాఫ్ట్ వర్డులో తెరవనున్నవారు ఇంకొకటి గమనింపవలెను: వర్డులో పుటకు లంగరు వేయు పద్ధతి లేదు. అందుచేత అట్లు కట్టిన చట్రములు అచ్చట తారుమారు కావచ్చును.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మన లిపి క్రిందికి దిగును. ‘రాష్ట్రము’ అను మాటలో ష కారము క్రింద రెండు వత్తులు వ్రేలాడుచున్నవి. ఆంగ్లమునకు సరిపడునట్లు పంక్తుల నడుమ ఎడమును ‘ఫిక్స్‌డ్’ అని బిగించినచో ఆ వత్తులు తెగిపోవును. అంతకన్న ప్రమాదమేమనగా, చట్రము ఎత్తును కూడ బిగించినపుడు, పట్టని పంక్తులు చట్రములోపలనే దాగిపోవును. అవి చెరిగిపోలేదు, కనబడవు, అంతే. ఇంట టైపు చేసినపుడు చక్కగా కనబడిన చివరి పంక్తి ముద్రణశాలలో మాయమగుటకు కారణము తరచు ఇదియే: మనము వాడిన అక్షరరూపము వారి యంత్రములో లేదు, దాని స్థానమున మరింత వెడల్పైన రూపము వచ్చి పాఠమును పొడిగించినది. చట్రము ఎత్తునకు ‘ఆటోసైజ్’ గుర్తు పెట్టినచో పాఠముతోపాటు చట్రమును పెరుగును. ఫైలు పట్టికలోని ‘ప్రాపర్టీస్’లో అక్షరరూపములను పత్రములోనే పొదుగు ఏర్పాటు కలదు. ముద్రణకు మాత్రము పీడీఎఫ్‌గా మార్చి యిచ్చుట ఉత్తమము.

పాఠశాల పత్రిక కూర్చు విద్యార్థులకు ఒక వినోదము చెప్పెదను. మొదటి పుటలోని చట్రమును నాలుగవ పుటలోని చట్రముతో గొలుసు వేయవచ్చును. మొదటిదానిలో నిండిన వ్యాసము తానే రెండవదానిలోనికి పారును. గొలుసు పడకున్నచో, రెండవ చట్రము ఖాళీగా నున్నదా, దానికి వేరొక చట్రము ముందే తగిలింపబడియున్నదా యని చూడుడు. చట్రము పాఠము వెనుకకు పోయి మౌసునకు చిక్కకున్నచో ఎఫ్5 మీటను నొక్కిన ‘నావిగేటర్’ తెరచుకొనును. అందు చట్రముల పేర్లన్నియు కనబడును. లోపల వ్రాయుచుండగా ఎస్కేప్ నొక్కినచో చట్రమంతయు చేతికి వచ్చును. ఎంటర్ నొక్కిన మరల లోపలికి పోవుదుము.

ప్రదర్శనపు పలకలలో, అనగా పవర్‌పాయింటు, ఇంప్రెస్ మొదలగువానిలో, ఈ విషయము మరొక రూపు దాల్చును. అచ్చట పలకతోపాటే వచ్చు గడులు వేరు, మనము గీసికొనిన పెట్టెలు వేరు. కంటికి రెండును ఒక్కటే. కాని శీర్షిక గడిలోను, విషయపు గడిలోను వ్రాసినదే ‘ఔట్‌లైన్’ దృశ్యములో కనబడును. గీసిన పెట్టెలోనిది కనబడదు. చూపులేని విద్యార్థికి తెరను చదివి వినిపించు సాధనము ఒక్కొక్క వస్తువును ఒక వరుసలో చదువును. పెట్టెలు తోచినట్లు గీసినచో ఆ వరుస మన కంటి వరుస కాదు. జవాబు ముందు, ప్రశ్న వెనుక వినబడవచ్చును. ముందు బెంచీలోని పిల్లలు పటము చూచి నవ్వుచుండగా వాడొక్కడు తికమకపడుచుండును.

పాఠము సిద్ధమైన పిమ్మట ఔట్‌లైన్ దృశ్యమును ఒకసారి తెరచి చూడుడు. ఏ పలక ఖాళీగా కనబడునో, ఆ పలకలోని పెట్టెల పాఠమును కత్తిరించి గడిలో అతికింపుడు. ముప్పది పలకల పాఠమునకైనను ఇది పావుగంట పని.