పాత లగ్జరీ కార్లలో రేడియో ఎట్ల మోగేది?

మన వీపనగండ్ల నుంచి హైదరాబాద్ పోయినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్ చూడండి. 1912 నాటి బండి. అంత ఖరీదైన కారుకు కూడా రేడియో రాలేదు. ఎందుకంటే, అప్పటికి వినడానికి స్టేషనే లేదు! హైదరాబాద్‌లో దక్కన్ రేడియో మొదలైంది 1935లో.

అమెరికాలో 1930లో మోటరోలా కారు రేడియో వచ్చింది. మొదట్లో కారు కొన్నాక విడిగా బిగించుకునేవాళ్లు. తర్వాత పెద్ద కార్లకు ఫ్యాక్టరీలోనే పెట్టడం మొదలైంది.

అసలు తిప్పలంతా కరెంటుతోనే. అప్పటి కారు బ్యాటరీ 6 వోల్టులు. రేడియో వాల్వులకేమో దాదాపు 200 వోల్టులు కావాలి. అందుకే వైబ్రేటర్ అనే చిన్న పరికరం కరెంటును గబగబా ఆపుతూ వదులుతూ ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచేది. ఆన్ చేయగానే గుయ్‌మనే చప్పుడు. వాల్వులు వేడెక్కాకే పాట. ఇంజన్ ఆపి ఎక్కువసేపు వింటే బ్యాటరీ ఖాళీ!

1955 చివర్లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కార్లకు ట్రాన్సిస్టర్ రేడియో ఇచ్చింది. వాల్వుల్లేవు, వైబ్రేటర్ లేదు, కరెంటు కూడా తక్కువే తింటది.

అందుకే చెప్తున్నా, మీకు తెలిసినవాళ్ల పాత కారులో వాల్వు రేడియో ఉంటే బ్లూటూత్ కోసం పీకి పారేయనీయకండి. అట్లని వెంటనే ఆన్ కూడా చేయొద్దు. ఏళ్లనాటి కెపాసిటర్ షార్ట్ అయితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. ముందు పాత రేడియోలు బాగుచేసేవాళ్లకు చూపించండి.