కంప్యూటరునకు నీటి కూలరు వలయునా?



బల్లమీద నుంచుకొని పనిచేయు కంప్యూటరులో ప్రాసెసరు అను భాగ మొకటి కలదు. దానిని చల్లబఱచుటకు పంకాతో పనిచేయు కూలరు చాలునా, నీటితో పనిచేయునది వలయునా, నీటిదే వలయునన్నచో నెట్టిదానిని కొనవలయును అను విషయమును గూర్చి ఈ దినము ప్రసంగించెదను. పొలము పనులు చూచుకొను మాకు దీనితో నేమి నిమిత్తమని మీ రనవచ్చును. నిమిత్తము కలదు. ఇప్పుడు పల్లెలయందును పెండ్లి వీడియోలు కూర్చి యిచ్చువారు, ఇంట గూర్చుండియే కదలు బొమ్మలు చేయువారు, ఇండ్ల నమూనాలు గీయువారు కనబడుచున్నారు. మనుమడో మనుమరాలో పట్టణములోని దుకాణమునుండి ధరల పట్టిక తెచ్చి తాతగారి ముందఱ బెట్టును. అందు “లిక్విడ్ కూలరు, 12,000 రూపాయలు” అని యొక పంక్తి యుండును. పనిచేయువారు పిల్లలైనను సొమ్ము తీయువారు పెద్దలు గనుక, ఆ పంక్తి నుంచవలయునో కొట్టివేయవలయునో పెద్దలకు తెలిసియుండుట మంచిది.

ముందుగా వేడిమి సంగతి. ప్రాసెసరు లోపలి సిలికను పలుక ఇంచుమించు బొటనవ్రేలి గోరంత యుండును. అది పుచ్చుకొను విద్యుత్తంతయు తుదకు వేడిమిగానే మాఱును. అది లెక్కలు చేసినది, బొమ్మలు గీసినది అని మన మనుకొందుము గాని, శక్తి లెక్కలో చూచినచో నది యొక చిన్న కుంపటి. ఏఎండీ కంపెనీవారి రైజెన్ 5 7600 అను ప్రాసెసరు నిండుగా పనిచేయునప్పుడు 88 వాట్ల వఱకు పుచ్చుకొనును. ఇంటెల్ కంపెనీవారి కోర్ ఐ9 14900కే అనుదానికి వారే వ్రాసిన గరిష్ఠ పరిమితి 253 వాట్లు. వెనుకటి 60 వాట్ల బల్బు వెలుగుచుండగా ముట్టి చేయి కాల్చుకొనినవారు మీలో నెందఱో యుందురు. అట్టి బల్బులు నాలుగింటి వేడిమి గోరంత చోట పుట్టుచున్నదని తలచుకొనుడు.

ఈ వేడిమిని తొలగింపనిచో యంత్రము మండిపోవునని కొందఱు వర్తకులు భయపెట్టుదురు. ఇప్పటి ప్రాసెసర్లు అట్లు మండిపోవు. పైన చెప్పిన ఇంటెల్ ప్రాసెసరునకు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, రైజెన్ 7000 వరుసలోని పెక్కింటికి 95 డిగ్రీల వద్దను హద్దు పెట్టబడి యున్నది. ఆ హద్దును చేరగానే ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. మిట్టమధ్యాహ్నపు టెండలో ఎద్దు అడుగు తగ్గించినట్లు. నష్టము కాలములో నుండును. గంటలో ముగియవలసిన వీడియో గంటంబావు పట్టును. రోజునకు పదిగంటలు అట్టి పనియే చేయువారికి ఆ పావుగంటలు సొమ్మే. వారమునకు రెండుమాఱులు చేయువారికి అవి లెక్కలోనివి కావు.

పంకా కూలరులో ప్రాసెసరుమీద రాగిపలుక యొకటి కూర్చుండును. దానినుండి రాగిగొట్టములు పైకి లేచి పలుచని అల్యూమినియం రేకుల నడుమగుండ పోవును. ఆ రేకులమీదికి పంకా గాలి విసరును. ఇందొక చమత్కారము కలదు. ఆ గొట్టములలోని గాలిని తీసివేసి కొద్దిపాటి నీరు పోసి మూసివేయుదురు. గాలి లేని చోట నీరు తక్కువ వేడిమికే మరుగును గనుక, అది క్రింద ఆవిరియై, పైన రేకుల చల్లదనమునకు మరల నీరై దిగుచుండును. పంకా కూలరను పేరేగాని దానిలోను నీరే పనిచేయుచున్నది.

నీటి కూలరును తెలిసికొనుటకు మీ బావులమీద ఆయిలింజన్లు ఆడిన దినములను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తోడిన నీటిలో నొక చిన్న పాయను ఇంజను గోడలలోనికి మరల్చి, వేడెక్కిన నీటిని బయటికి వదలెడువారు. ట్రాక్టరులో నట్లు వదలరు. అదే నీటిని రేడియేటరులో చల్లార్చి మరల త్రిప్పుదురు. కంప్యూటరు నీటి కూలరు ట్రాక్టరు పద్ధతిదే. ప్రాసెసరుమీది రాగిపలుకకు అంటుకొని చిన్న పంపు, రెండు రబ్బరు గొట్టములు, రేడియేటరు, దానికి పంకాలు. లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు పుచ్చుకొను వేడిమి, లీటరు గాలి పుచ్చుకొనుదానికి 3,000 రెట్లు మించును. అందుచేత నీటి పాయ సన్ననిదైనను బరువైన వేడిమిని దూరమునకు మోసికొనిపోగలదు. దాని గొప్పతన మంతయు ఈ మోతలోనే యున్నది. మోసిన వేడిమిని తుదకు గదిలోని గాలికే అప్పగింపవలయును.

ఈ తుదిమాటను కొంత విప్పి చెప్పవలసియున్నది. నీరనగానే మనకు వేసవి కుండ తలపునకు వచ్చును. ఎండకాలములో కుండలోని నీరు చుట్టునున్న గాలికంటె చల్లగా నుండును. కారణ మేమనగా, మట్టి రంధ్రములగుండ నీరు చెమర్చి ఆవిరియై పోవుచు, తనతో వేడిమిని గొనిపోవును. కిటికీ కడ పెట్టుకొను గడ్డి కూలరు చల్లదనమును ఇట్టిదే. కంప్యూటరు నీటి కూలరులో నీరు మూసిన గొట్టములలోనే తిరుగును. చెమర్చుట లేదు, ఆవిరియై పోవుట లేదు. పేరు కూలరే యైనను కుండ ధర్మము దానికి లేదు. గదిలోని గాలి 42 డిగ్రీలున్నచో, ఎన్ని వేలు పోసి కొనినను అందలి నీరు 42 డిగ్రీలకు దిగువకు దిగదు.

దీనినుండి యొక లెక్క పుట్టుచున్నది. నా మాటలలో నేదైన నొకటి వ్రాసి యుంచుకొనదలచినచో దీనిని వ్రాసికొనుడు. కూలరు గొప్పతనమును గదికంటె ప్రాసెసరు ఎన్ని డిగ్రీలు హెచ్చుగా నున్నదో దానినిబట్టి కొలువవలయును. విదేశములలో కూలర్లను పరీక్షించి ఫలితములు ప్రకటించువారు తఱచుగా 20 మొదలు 25 డిగ్రీల గదిలో పరీక్షింతురు. ఉదాహరణమునకు, 22 డిగ్రీల గదిలో ఒక పంకా కూలరుతో ప్రాసెసరు 78 డిగ్రీలున్నదనుకొందము. హెచ్చు 56. అదే పని, అదే కూలరు, 42 డిగ్రీల గదిలో నున్నచో 56 కూడగా 98. అనగా 95 డిగ్రీల హద్దు దాటవలసివచ్చును. దాటలేక వేగము తగ్గును. 22 డిగ్రీల గదిలో 70 చూపిన నీటి కూలరైనచో ఇచ్చట 90 చూపును, పని సాగును. చలిదేశములో రెండింటికిని భేదము లేదని చెప్పిన పరీక్షయే మన వైశాఖమాసములో భేదము గలదిగా తేలును. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము ప్రాంతములవారు ఈ లెక్కను ముఖ్యముగా చూచుకొనవలయును.

అయితే ఇదే లెక్క ఇంకొక దారిని గూడ చూపుచున్నది. గదిని పది డిగ్రీలు చల్లబఱచినచో ప్రాసెసరును పది డిగ్రీలు చల్లబడును. రేకులక్రింద తలుపు మూసిన గదిలో పెట్టిన గొప్ప కూలరుకంటె, పెంకుటింటి నడవలో గాలి వచ్చు చోట పెట్టిన సామాన్యపు కూలరు మేలు. పెట్టెనుండి వెడలు 250 వాట్లును గదిలోనే నిలుచునని మఱువరాదు.

పలనాడు ప్రాంతమున మా బంధువులలో నొక యమ్మాయి పెండ్లి ఫోటో ఆల్బములు కూర్చు పని చేయుచున్నది. ఆ యమ్మాయి తండ్రి రెండెకరముల మిర్చిమీద వచ్చిన సొమ్ముతో కంప్యూటరు కొనిపెట్టదలచి, దుకాణమువా రిచ్చిన పట్టికను నాకు చూపినాడు. ప్రాసెసరు నేను మొదట చెప్పిన రైజెన్ 5 7600. దాని పెట్టెలోనే కంపెనీవారు చిన్న పంకా కూలరు నుంచి యిత్తురు. దుకాణమువారు దానిపైన మూడు పంకాల నీటి కూలరును చేర్చిరి. 88 వాట్లకు అది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రము. నేను ఆ పంక్తిని కొట్టివేసి, రెండుమూడు వేలకు దొరకు నిలువు పంకా కూలరును వ్రాయించితిని. మిగిలిన సొమ్ములో జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, రెట్టింపయ్యెను. కరెంటు పోయినప్పుడు పని చెడకుండ యూపీఎస్ వచ్చెను. “నాన్నా, రంగుల దీపాలు లేవే” అని ఆ యమ్మాయి కొంచెము చిన్నబుచ్చుకొనినది. దీపములు వేడిమిని తగ్గింపవు.

మఱి నీటి కూలరు ఎవరికి వలయును? గంటలకొలది నిండుబరువున నడచు పెద్ద ప్రాసెసర్లకు. రైజెన్ 9 7950ఎక్స్ అనునది 230 వాట్ల వఱకు పుచ్చుకొనును; దానితో కంపెనీవారు కూలరు నీయరు, నీటి కూలరు పెట్టుకొమ్మని వారే సలహా చెప్పుదురు. ఇంటెల్ వారి ఐ9 సంగతియు నట్టిదే. ఈ ఇంటెల్ వాని విషయమై యొక హెచ్చరిక. 13, 14 వరుసల ప్రాసెసర్లు కొన్ని పని మధ్యలో తడబడుచుండగా, 2024లో కంపెనీవారు అది వోల్టేజి దోషమని తెలిపి సవరణ విడుదల చేసిరి, వారంటీని రెండేండ్లు పొడిగించిరి. ఆ తడబాటునకు కూలరు మార్చుట మందు కాదు. వాట్లు చూచునప్పుడు పెట్టెమీది పెద్ద అక్షరముల అంకెను నమ్మక, గరిష్ఠముగా నెంత పుచ్చుకొనునో యడుగుడు. ఐ9 వివరములలో 125 అనియు వ్రాసియుండును, 253 అనియు వ్రాసియుండును. కూలరునకు కావలసినది రెండవది. 150 వాట్ల లోపు మంచి పంకా కూలరు చాలునని నా యభిప్రాయము. ఆ పైన, అందును మన వేసవిలో, నీటిది తన ధరకు తగిన పని చేయును.

రేడియేటరు కొలతలు 240, 280, 360 అని మిల్లీమీటర్లలో చెప్పుదురు. 240 అనగా 120 మిల్లీమీటర్ల పంకాలు రెండు; 360 అనగా మూడు; 280 అనగా 140 వి రెండు. ఒకే పంకా గల 120 నీటి కూలరును కొనకుడు. ఆ ధరకు మంచి పంకా కూలరు వచ్చును, పనియు మెఱుగు. 250 వాట్ల ప్రాసెసరునకు మన ప్రాంతమున 360 తగును. కొనకముందు టేపుతో పెట్టెను కొలువుడు. సాధారణపు రేడియేటరు మందము 27, పంకా మందము 25, వెరసి 52 మిల్లీమీటర్లు. పెట్టె పైకప్పునకును లోపలి బోర్డుమీది భాగములకును నడుమ అంత చోటుండవలయును. పంకా కూలరునకును కొలత కలదు. ఆస్ట్రియా దేశపు నోక్టువా వారి ఎన్‌హెచ్ డి15 అను పేరుపొందిన కూలరు 165 మిల్లీమీటర్ల ఎత్తుండును. వెడల్పు చాలని పెట్టెకు ప్రక్కమూత పడదు. ప్రాసెసరు కూర్చుండు సాకెట్టు పేరు, ఏఎం5 యో ఎల్‌జీఏ 1700 యో, కూలరు పెట్టెమీద నున్నదో లేదో చూచుకొనుడు.

బిగించుటలో నొక మర్మము కలదు. ఏండ్లు గడచిన కొలది రబ్బరు గొట్టముల గోడలగుండ నీరు మిక్కిలి స్వల్పముగా తఱుగును. లోపల గాలిబుడగ చేరును. గాలి యెప్పుడును ఎత్తైన చోటికి పోవును. రేడియేటరు పైకొన పంపుకంటె ఎత్తున నున్నచో బుడగ అచ్చట నూరక నిలుచును. పంపే అన్నిటికంటె ఎత్తున నున్నచో బుడగ దానిలో దూరి గరగరలాడును, పంపు త్వరగా చెడును. పైకప్పునకు బిగించుట శ్రేష్ఠము. ముందువైపున నిలువుగా బిగించినచో గొట్టములు క్రిందివైపున నుండవలయును. రాగిపలుకమీది పలుచని ప్లాస్టిక్కు పొరను తీసితిరా యని గూడ అడుగుడు. నవ్వవలదు, తీయక బిగించువారు కలరు.

కారుట సంగతి మీ రడుగకమానరు. కారుట అరుదు, కాని లేకపోలేదు. 2004లో ఆపిల్ వారు నీటితో చల్లార్చు పవర్ మాక్ జీ5 యంత్రములను విక్రయించిరి. వానిలో కొన్ని ఏండ్లు గడచిన పిదప కారి లోపలి భాగములను పాడుచేసినవి. 2022లో ఆర్కటిక్ కంపెనీవారు తమ లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లలో కొన్నింటి రబ్బరు వాషరు దోషము గలదని తామే ప్రకటించి, బాగుచేసికొను సామగ్రిని ఉచితముగా పంపిరి. ఇట్టి దినమున ఆదుకొనునది వారంటీ. అయిదారేండ్ల వారంటీ గలదానిని కొనుడు. కారినప్పుడు చెడిన తక్కిన భాగముల ధర గూడ ఇత్తురా యని వ్రాతమూలముగా చూచుకొనుడు. నీరు తగ్గినదని విప్పి బోరునీరు పోయుట మాత్రము కూడదు. లోపలిది వట్టి నీరు కాదు. రాగి, అల్యూమినియములు ఒకదాని నొకటి తినకుండ మందులు కలిపిన ద్రవము. మన బోరునీటి ఉప్పులు రాగిపలుకలోని వెండ్రుకవంటి సందులను పూడ్చివేయును.

దుకాణములో అయిదు నిమిషములు నడిపి “చూడండి, ఎంత చల్లగా నున్నదో” అందురు. అంత నీరు వేడెక్కుటకే కొంత కాలము పట్టును. అఱగంట నిండుబరువున నడిపించి యప్పుడు అంకె చూడుడు. ఇంటికి వచ్చిన పిదప నెలకొకసారి రేడియేటరు రేకులమీది దుమ్మును మెత్తని కుంచెతో తుడిపింపుడు. మిర్చి కళ్లములు, ప్రత్తి దూదిపోగులు దగ్గఱ నున్న యిండ్లలో పదునైదు దినముల కొకసారి తుడువవలయును. పంకా కూలరునకు పంకా ఒక్కటే చెడును. అది కొన్ని వందలకు దొరకును, గంటలో మార్చవచ్చును. నీటి కూలరులో పంపు చెడినచో మొత్తమునే కంపెనీకి పంపి వారములు కనిపెట్టుకొని యుండవలసి వచ్చును. అప్పుడు ముహూర్తములు దగ్గఱపడి పెండ్లివారు వీధిలో నిలిచియుందురు. అందుచేత నీటిదానిని కొనువారు వేయిరెండువేల పంకా కూలరొకటి, దాని మరలతోను వేడిమి నందించు లేపనముతోను గూడ, అటకమీద నుంచుకొనవలయును.