కెంపు కాని ‘కెంపు’: కురువిందం చెప్పే సంగతులు

1739లో ఢిల్లీని దోచుకున్న నాదిర్ షా తరలించుకుపోయిన సంపదలో ఒక పెద్ద ఎర్రరాయి కూడా ఉంది. దాని బరువు సుమారు 350 క్యారెట్లు. దానిపై జహంగీర్, షాజహాన్ తదితర చక్రవర్తుల పేర్లు చెక్కి ఉన్నాయి. ‘తైమూర్ కెంపు’గా పేరుపడిన ఆ రాయి నేడు బ్రిటిష్ రాజవంశపు ఆభరణాల్లో ఉంది. నిజానికి అది కెంపు కాదు, స్పినెల్ అనే మరో ఖనిజం.

మొగలుల కాలపు రత్నకారులు ఇలాంటి రాయిని లాల్ అని, అసలు కెంపును యాకూత్ అని వేరుగా పిలిచేవారు. ఐరోపాలో మాత్రం రెండూ కెంపులుగానే చెలామణి అయ్యాయి. 1783లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోమే ద లీల్ వీటిని వేర్వేరు ఖనిజాలుగా గుర్తించారు. రెండింటికీ ఎరుపునిచ్చేది క్రోమియమే. అందుకే రంగును బట్టి రాయిని పోల్చుకోవడం కష్టం.

కురువిందం అంటే?

కెంపు, నీలం రెండూ కురువిందం అనే ఒకే ఖనిజపు రూపాలు. ఆంగ్లంలోని ‘కొరండం’ అనే పేరు మన దక్షిణాది మాట నుంచి వెళ్లిందే. తమిళంలో దీన్ని కురుందం అంటారు. కురువిందం అల్యూమినియం, ఆక్సిజన్‌ల సమ్మేళనం. స్వచ్ఛంగా ఉంటే దీనికి రంగు ఉండదు. కొద్దిగా క్రోమియం చేరితే కెంపు అవుతుంది, ఇనుము, టైటానియం చేరితే నీలం అవుతుంది. తెలంగాణలోని ఖమ్మం ప్రాంతంలోనూ కురువిందం దొరుకుతుంది.

మోస్ కాఠిన్య మానంలో వజ్రానిది 10, కురువిందానిది 9, స్పినెల్‌ది 8. కురువిందం నీటికంటే సుమారు 4 రెట్లు, స్పినెల్ 3.6 రెట్లు బరువు. కెంపులోకి వెళ్లిన కాంతి రెండు కిరణాలుగా చీలుతుంది, స్పినెల్‌లో చీలదు. కాబట్టి రాయిని గీకకుండానే రెంటినీ వేరుచేయవచ్చు.

సానరాయి నుంచి లేజర్ వరకు

ఈ కాఠిన్యం వల్లే కురువిందాన్ని సానరాళ్లలో, గరుకు కాగితాల్లో వాడతారు. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నూయ్, అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కృత్రిమ కెంపులు తయారుచేసే పద్ధతిని ప్రకటించారు. గడియారాల్లో తిరిగే ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద ఈ కెంపులను అమర్చారు. 1960లో అమెరికాలో మైమన్ వెలిగించిన తొలి లేజర్‌కూ కృత్రిమ కెంపే ఆధారం. నేడు ఎల్‌ఈడీ దీపాల తయారీలో పలుచని కృత్రిమ నీలపు పలకలు వాడుతున్నారు. ఖరీదైన చేతిగడియారాల అద్దాలూ కృత్రిమ నీలంతో చేసినవే. గాలిదుమ్ములోని ఇసుక రేణువుల కాఠిన్యం 7 మాత్రమే కనుక అవి ఆ అద్దాన్ని గీకలేవు.

కొనేముందు

కృత్రిమ కెంపు కూడా కురువిందమే. కాబట్టి కాఠిన్యం, సాంద్రత పరీక్షలు దాన్ని పట్టుకోలేవు. సూక్ష్మదర్శినిలో వంపు తిరిగిన గీతలు, గాలిబుడగలు కనిపిస్తే అది మంటలో తయారైనదని తెలుస్తుంది. పగుళ్లను సీసపు గాజుతో పూడ్చిన కెంపులూ బజారులో ఉన్నాయి. నిమ్మరసం తగిలినా ఆ గాజు దెబ్బతింటుంది. కాబట్టి చాందినీచౌక్‌లో కొన్నా, చార్మినార్ దగ్గర కొన్నా, రత్న పరీక్షశాల ధ్రువపత్రం అడగాలి. రాయి సహజమైనదా, దానికి ఏ శుద్ధి చేశారు అన్న రెండు విషయాలూ అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.