మీకు తెలుసా?

విక్టోరియా మహారాణి తన పెళ్లిలో పన్నెండు మంది తోడిపెళ్లికూతుళ్లు వేసుకోవాల్సిన దుస్తుల నమూనాను తానే బొమ్మ గీసి ఇచ్చింది!

1840 ఫిబ్రవరి 10న లండన్‌లోని సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ప్రార్థనా మందిరంలో ఆల్బర్ట్‌తో ఆమె వివాహం జరిగింది. వెంట నడిచినవాళ్లంతా పెళ్లికాని అమ్మాయిలే, పెద్ద ప్రభువుల కూతుళ్లే. అందరికీ తెల్లటి దుస్తులు, వాటి మీద గులాబీల అలంకరణ. రాణి గౌను వెనక నేల మీద జీరాడే పద్దెనిమిది అడుగుల పట్టు కుచ్చెళ్లను ఎత్తి పట్టుకోవడం వాళ్ల బాధ్యత. అంత పొడవున్నా పన్నెండు మందికి అది చాలలేదు. ఒకరి మడమలు ఒకరికి తగులుతూ, ఒకరి గౌను ఒకరు తొక్కుకుంటూ నడిచామని వాళ్లలో ఒకామె తర్వాత రాసింది. పాపం, దేశమంతా చూపు నిలిపిన రోజున ఆ అమ్మాయిలు ఎంత కంగారుపడి ఉంటారో!

పెళ్లి జ్ఞాపకంగా వాళ్లలో ప్రతి ఒక్కరికీ గద్ద ఆకారంలో ఉన్న బ్రోచ్ ఒకటి అందింది. దాన్ని రూపొందించింది పెళ్లికొడుకు ఆల్బర్టే. గద్ద ఒళ్లంతా నీలి ఫిరోజా రాళ్లు, కళ్లకు కెంపులు, ముక్కుకు వజ్రం, గోళ్ల కింద ముత్యాలు. వాటిలో ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.