ఉష్ణోగ్రతలో దొరికే గాలి అలలు

పర్వతాన్ని దాటే గాలి పైకి లేచి చల్లబడుతుంది. బరువెక్కిన ఆ గాలిని భూమి మళ్లీ కిందికి లాగుతుంది. ఈ ఊగిసలాటే వాతావరణ గురుత్వ తరంగం. (విశ్వంలో కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వాకర్షణ తరంగాలు వేరు.) గాలి పలుచబడేకొద్దీ అల పెద్దదై, చివరకు విరిగి, ఎత్తులోని గాలుల వేగాన్నే మార్చివేస్తుంది. అందుకే వాతావరణ అంచనాలకు దీని లెక్క అవసరం.

అల కంటికి కనిపించదు. కానీ లేచినచోట చల్లదనాన్నీ, దిగినచోట వెచ్చదనాన్నీ మిగులుస్తుంది. 2002లో ప్రయోగించిన ఆక్వా ఉపగ్రహంలోని ఎయిర్స్ పరికరం కార్బన్ డయాక్సైడ్ వెలువరించే పరారుణ కిరణాలను కొలిచి ఆ తేడాలను పట్టింది. 2022 జనవరి 15న టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు వలయాలుగా వ్యాపించిన అలలనూ చూపింది.

అయితే కిందికి చూసే ఎయిర్స్‌కు నిలువున పొట్టిగా ఉండే అలలు అందవు. వాతావరణపు అంచును పక్కనుంచి చూసే సేబర్‌కు అవి అందుతాయి. అడ్డంగా పొట్టివి జారిపోతాయి.