పీలింగ్ కంటే ముందు ఎండ సంగతి

కోడుమూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు చేలల్లో పనిచేసే ఆడవాళ్ళకు మంగు మచ్చలు కొత్త కాదు. కాన్పులు, హార్మోన్లు, వంశం దానికి కారణాలైనా, మచ్చను ముదరబెట్టేది మాత్రం ఎండే. మంగుకూ మొటిమల మచ్చలకూ కెమికల్ పీలింగ్ పనికొచ్చే చికిత్సే. అయితే ఇక్కడి మనిషికి ఏ యాసిడ్ రాయాలన్న దానికంటే, రాశాక నీడపట్టున ఉండగలదా అన్నదే పెద్ద ప్రశ్న.

పీలింగ్‌లో రాసే ఆమ్లం, చెరకులో దొరికే గ్లైకాలిక్ ఆమ్లం గానీ, పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లం గానీ, చర్మం పైపొరలోని కణాల పట్టు సడలిస్తుంది. ఆ పొర పొట్టులా రాలి కింద కొత్తది వస్తుంది. సుమారు నెల రోజుల్లో చర్మం తనంతట తాను చేసుకునే పనే ఇది, కాస్త తొందరగా జరుగుతుంది. పాల్ ఉన్నా అనే జర్మన్ వైద్యుడు 1882లోనే సాలిసిలిక్ ఆమ్లం, ఫినాల్ వంటివాటి గుణాలను వివరించాడు. ఫినాల్ లోతుకు దిగుతుంది, గుండె లయనూ చెడగొట్టగలదు. మన ఛాయ చర్మానికి అది తగదు. మన చర్మంలో రంగు కణాలు చురుకైనవి. కాలినా, వాచినా అక్కడ ఇంకా నల్లబడుతుంది. అందుకే చర్మ డాక్టర్లు రెండు మూడు వారాల ముందునుంచే క్రీములు రాయించి, తక్కువ గాఢతతో మొదలుపెట్టి, వారాల ఎడంతో కొన్ని విడతలు చేస్తారు. మచ్చ పలచబడుతుంది, పుట్టుకతో వచ్చిన ఛాయ మారదు. మారుస్తామని చెప్పేవాళ్ళను నమ్మకూడదు.

ఎండలో బతికేవాళ్ళకు ఈ పట్నం సోకు ఎందుకని కొందరంటారు. ముఖం మీద మచ్చ కూలికి వెళ్ళే మనిషినీ బాధపెడుతుంది కదా! ఆమెకు వద్దనడం న్యాయం కాదు, వేళ చూసి చెయ్యడమే న్యాయం. ఎండ తగ్గే చలికాలం పీలింగ్‌కు అనువని అంటారు. అయితే ఈ ప్రాంతంలో పత్తి తీతలు అప్పుడే, గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయేదీ అప్పుడే. సుగ్గికి పోబోయే మనిషికి పీలింగ్ చేస్తే ఉన్న మచ్చ మీద కొత్త మచ్చ తెచ్చిపెట్టినట్టే. కాబట్టి డాక్టరు మొదట అడగాల్సింది పని ఎక్కడ, ఎన్నాళ్ళు అని.

ఇంట్లోనే నిమ్మరసం రాసుకుంటే చాలదా అన్నది ఇంకో మాట. నిమ్మరసం పూసిన చర్మం ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లబడగలదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు అంతకన్నా చేటు: మొదట్లో నిగనిగలాడించి, తర్వాత చర్మాన్ని పలచన చేసి, ఎర్రబరచి, మొటిమలు తెస్తాయి. అలాంటి పలు మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. పని రోజుల్లో ముఖానికి గుడ్డ కట్టుకోవడం, సన్‌స్క్రీన్ రాసి మధ్యాహ్నం మళ్ళీ రాయడం మంగు ముదరకుండా ఆపే మొదటి చికిత్స. సన్‌స్క్రీన్లలోనూ ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే మంగును పెంచే మామూలు వెలుతురును కూడా అది అడ్డుకుంటుంది.